మునిగిన ఓడల కథ ఊళ్ళో చెప్పాలి. "బంగారం ఎంత దొరికింది సార్?" దగ్గరే ఆగిపోతున్నాను

ప్రశ్న: ఉప్పుగాలి మాస్టారు

నమస్కారం అండీ. నెల్లూరు జిల్లాలో సముద్రం హోరు వినపడేంత దగ్గరున్న ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

నాకు ఈత రాదు. అయినా పదేళ్ళుగా నీళ్ళ అడుగున పడివున్న పాత ఓడలంటే పిచ్చి. జీతం రోజున పుస్తకం కొనుక్కొస్తే మా ఆవిడ "ఇంకో ఓడ మునిగిందా?" అంటుంది. ఈ పిచ్చి పిల్లలకి కూడా కాస్త అంటిద్దామని డిసెంబర్లో ఒక శనివారం సాయంత్రం స్కూల్ వరండాలో తెర కట్టి, ఊరివాళ్ళని పిలిచి గంటన్నర మాట్లాడాను. మైకు స్కూల్‌ది, ప్రొజెక్టర్ పెళ్ళి వీడియోలు తీసే మా బావమరిదిది.

ఉలుబురున్ ఓడ కథ ఎంచుకున్నాను. తుర్కియే తీరంలో దాదాపు 3,300 ఏళ్ళ కిందట మునిగిన సరుకు ఓడ అది. 1982లో స్పాంజిలు కోసే డైవర్ ఒకాయన పైకొచ్చి, అడుగున చెవులున్న లోహపు బిస్కెట్లు పడున్నాయని చెప్పాడు. తీరా చూస్తే రాగి దిమ్మెలు, మోసుకోడానికి వీలుగా నాలుగు మూలలా సాగదీసినట్టు కొసలు. పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం. రెండూ కలిపి కరిగిస్తే కంచు, పాళ్ళు కూడా సరిగ్గా కుదిరాయి. ఆ లోతులో మనిషి ఒక మునకకి ఇరవై నిమిషాలకి మించి పనిచెయ్యలేడు. 1984 నుంచి 1994 దాకా ఏటా వేసవిలో దిగితే మొత్తం 22 వేల పైచిలుకు మునకలయ్యాయి. ఇదంతా నేను ఊగిపోతూ చెప్పాను.

లైట్లు వెలిగాయి. తొమ్మిదో తరగతి కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, బంగారం ఎంత దొరికింది?"

అబద్ధం చెప్పలేను కదా. కొంచెం దొరికింది, ఈజిప్టు రాణి నెఫెర్టిటి పేరున్న చిన్న బంగారు ముద్ర కూడా ఉంది అన్నాను. అంతే. రాగి పోయింది, తగరం పోయింది, 22 వేల మునకలూ పోయాయి. ముందు వరసలో పెద్దమనిషి దాని రేటెంత అన్నాడు. వెనకనుంచి ఎవరో "మన సముద్రంలో ఏడుందో చెప్పు సామీ, ఈ రాత్రికే పోయొస్తాం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. సంక్రాంతి వెళ్ళిన వారానికి మా స్కూల్లో చదివే ఒక పాప వాళ్ళ నాన్న యూరియా గోతంలో ఏదో చుట్టి తెచ్చాడు. వలలో పడిందట. మూతీ, మెడా, ఒక పక్క భుజమూ మిగిలిన పెద్ద కుండ. మూతి అంచు నా బొటనవేలంత మందం. లోపలా బయటా గుల్లలు, ఒక చోట పురుగులు కట్టుకున్న తెల్లటి గొట్టాలు సేమ్యాల్లా అల్లుకుని ఉన్నాయి. ఖాళీగా ఉన్న చోట ఎర్రమట్టి, తాకితే చల్లగా, కొంచెం జిగటగా. "డిసెంబర్లో మీరు చెప్పారు గదా అయ్యోరా, అందుకని పారెయ్యకుండా తెచ్చా. మా ఇంట్లోది బాత్రూమ్ యాసిడ్ పోసి కడుగుదామంది. నేనే వద్దన్నా" అన్నాడు. నా గంటన్నర ఉపన్యాసం ఒక్కడికైనా చేరిందని ఆ రోజు ఎంత సంబరపడ్డానో.

ఆ తర్వాత నేను చేసిన నిర్వాకం వినండి. తడి ఆరాలి కదా అని స్టాఫ్ రూమ్ కిటికీ సన్‌షేడ్ మీద ఎండలో పెట్టాను. పది రోజులకి మెడ చుట్టూ తెల్లగా బూజులాంటిది లేచింది. తుడిచాను. మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పైపొర అప్పడం ముక్కల్లా లేచి రాలుతోంది.

ఆయన ఇంకోటి కూడా చూపించాడు. పాల లెక్క రాసుకునేంత చిన్న పుస్తకం. అందులో ఒక నలభై జీపీఎస్ నంబర్లు, వల చిక్కుకుని చిరిగే చోట్లు. కుండ పడిన చోటికి ఎదురుగా పెన్నుతో చుక్క పెట్టి ఉంది. చూపించినట్టే చూపించి మూసి జేబులో పెట్టేసుకున్నాడు.

మార్చిలో స్కూల్ వార్షికోత్సవం. ఒక తరగతి గది ఇస్తాం, ఏదైనా పెట్టుకోమన్నారు మా హెడ్మాస్టర్. నాకేమో టెన్షన్. బాగా చెబితే ఎవడో ఒకడు సిలిండర్ కట్టుకుని దిగుతాడు. చెప్పకపోతే వచ్చే కుండకి యాసిడ్ స్నానమే. ఎట్టా చెప్పాలి? ఇప్పుడు ఆ కుండని ఏం చెయ్యాలి?


జవాబు 1: కుర్చీలో కూర్చున్న కొలంబస్

టైటానిక్ పెట్టండి సార్. జనం విరగబడి వస్తారు.

ఉప్పుగాలి మాస్టారు: వస్తారు, చూసి వెళ్ళిపోతారు. అది మూడున్నర కిలోమీటర్ల కంటే లోతున ఉంది. మా వాళ్ళ వలలు తగిలేది పది, ఇరవై బారల లోతులో. వాళ్ళు చేత్తో తాకగలిగే సంగతి చెప్పాలని నా ఆరాటం.


జవాబు 2: గాజుబీరువా

మాస్టారూ, ముందు కుండని ఎండలోంచి తీసెయ్యండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

తీశారా? సరే. నేను మ్యూజియం ల్యాబ్‌లో పాత వస్తువులకి మరమ్మతు చేసే ఉద్యోగం చేశాను, ఇప్పుడు రిటైరయ్యాను. మీరు చూసింది బూజు కాదు, ఉప్పు. ఏళ్ళ తరబడి సముద్రంలో ఉన్న మట్టిపాత్ర ఉప్పునీళ్ళు పీల్చుకుని ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు ఆ ఉప్పు కరిగే ఉంటుంది, ఏ హానీ చెయ్యదు. ఎండలో పెడితే నీరు పైకొచ్చి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం పైపొర వెనకే గడ్డకట్టి పలుకులు అవుతుంది. పలుకు పెరిగే కొద్దీ మట్టిని బయటికి తోస్తుంది. తుడవడం వల్ల లాభం లేదు, లోపలున్నది వస్తూనే ఉంటుంది. వానాకాలంలో తేమ పీల్చి కరిగి, మళ్ళీ ఎండకి గడ్డకట్టి, ఏడాదికేడాది పొరలు ఊడుతూనే ఉంటాయి.

అసలు చెయ్యాల్సింది, వలలోంచి తీసిన రోజే సముద్రపు నీళ్ళ బకెట్లో పెట్టడం. తర్వాత ఆ నీళ్ళలో కొంచెం కొంచెంగా మంచినీళ్ళు కలుపుతూ వారాల మీద మామూలు నీళ్ళకి తేవాలి. ఇప్పుడు మీది ఎండిపోయి పెచ్చులు లేచింది కాబట్టి నేరుగా ముంచితే పెచ్చులన్నీ తొట్టి అడుక్కి చేరతాయి. రాలినవన్నీ కవర్లో దాచండి. పలచని నూలుగుడ్డ మెత్తగా చుట్టండి. ముంచే ముందు చిన్న ముక్కని గ్లాసులో వేసి ఒక రాత్రి ఉంచి చూడండి. అది మెత్తబడితే ఆపేసి దగ్గర్లో ఉన్న మ్యూజియం వాళ్ళకి చూపించండి. గట్టిగా ఉంటే నెమ్మదిగా తొట్టిలోకి దించండి. గుల్లలు గీకొద్దు, యాసిడ్ మాట ఎత్తొద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ తొట్టే మీ ప్రదర్శన! మీ స్కూల్ కెమిస్ట్రీ బీరువాలో సిల్వర్ నైట్రేట్ సీసా ఉంటుంది. తొట్టి నీళ్ళు కొంచెం పరీక్షనాళికలో తీసి రెండు చుక్కలు వేస్తే పాలలా తెల్లబడుతుంది. కుండలోంచి ఉప్పు బయటికొస్తున్నట్టు లెక్క. నీళ్ళు మార్చిన ప్రతిసారీ ఆ తెలుపు తగ్గుతూ పోవాలి. మీ వైపు బోరు నీళ్ళలోనే ఉప్పుంటుంది కాబట్టి పరీక్ష తేడా తెలియాలంటే చివరి విడతలకి బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి. సిల్వర్ నైట్రేట్ చేతిమీద పడితే నల్లమచ్చ పడి వారం దాకా పోదు, పిల్లలకి గ్లవ్స్ ఇవ్వండి.

స్వీడన్‌లో వాసా అనే యుద్ధనౌక 1628లో బయల్దేరిన రోజే మునిగింది. 1961లో పైకి తీశారు. తీశాక 17 ఏళ్ళపాటు దాని మీద రోజూ ఒక రకం మైనపు ద్రావణం చల్లుతూనే ఉన్నారు, లేకపోతే చెక్క ఎండి ముడుచుకుని పగిలిపోయేది. ఆ చల్లడాన్ని కూడా జనం వచ్చి చూశారు. వస్తువు దొరకడం ఒక్క రోజు పని, దాన్ని నిలబెట్టడం ఏళ్ళ పని. ఈ రెండోదాన్ని కళ్ళారా చూసినవాడు రేటు అడగడం తగ్గిస్తాడని నా అనుభవం. పూర్తిగా మానడు లెండి.

ఇంకోటి. కుండ ఎప్పుడు, ఎవరి వలలో పడిందో తారీఖుతో, ఫొటోతో రాసిపెట్టి, తహసీల్దారుకీ పురావస్తు శాఖకీ ఒక కాగితం పంపండి. మన చట్టంలో నూరేళ్ళు దాటినవి పురావస్తువుల కిందికొస్తాయి. మీది పాతదో కాదో తేల్చేది మీరూ నేనూ కాదు.


జవాబు 3: ఫైబర్ బోటు

గాజుబీరువా మేడమ్ చెప్పింది బాగుంది. నేను రెండు ముక్కలు చెప్తా. మాది మీ పక్క మండలమే అనుకుంటా అయ్యోరా.

జీపీఎస్ పుస్తకం గురించి మీరు టెన్షన్ పడమాకండి. ఆ నంబర్లు మా ఆస్తి. ఆడ వల చిరుగుద్ది నిజమే, కానీ అడుగున ఏదో గట్టిది ఉంటేనే చేప నిలబడుద్ది. గాలం వేసేవోళ్ళకి అదే బ్యాంకు అకౌంటు. మా చిన్నాన్న తన నంబర్లు సొంత తమ్ముడైన మా నాయనకి కూడా చెప్పలా. ఇంక బయటోడికి చెప్తామా? దాచిపెట్టడంలో మమ్మల్ని మించినోళ్ళు లేరు.

మా భయం వేరే. దొరికిందని చెప్తే ఆఫీసర్లు వచ్చి తాడు కట్టి, ఈడ వేట చెయ్యమాకండి అంటే? ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట బందు ఎటూ ఉంది. ఇంకో చోటు కూడా పోతే ఏం తినాల? అందుకే కుండలు వస్తే చాలామంది తిరిగి నీళ్ళలోకే విసిరేస్తారు. దోచుకుందామని కాదు, గొడవెందుకని.

ఇంకోటి చెప్పనా, కోపం తెచ్చుకోమాకండి. మీరు డిసెంబర్లో చెప్పిన కథలో ఆ స్పాంజిలాయన పేరు చెప్పారా? ఇట్టాంటి కథలు ఎవరు చెప్పినా దిగి చూసినోడు "ఒకాయన" అవుతాడు, పుస్తకం రాసినోడికి మాత్రం పేరుంటది.

ఉప్పుగాలి మాస్టారు: అన్నా, తగలాల్సిన చోట తగిలింది. పైన నా పోస్టులో కూడా "డైవర్ ఒకాయన" అనే రాశాను, చూడండి. ఆయన పేరు మెహ్మెత్ చాకిర్. పుస్తకంలో ఉంది, నేనే వదిలేశాను.

మీరన్నాక లెక్క చూసుకుంటే నాకు తెలిసిన పెద్ద ఓడలు చాలావరకు మీలాంటివాళ్ళు కనిపెట్టినవే. గ్రీసులో ఆంటికితెరా దగ్గర 1900లో స్పాంజి డైవర్లు. గ్రహగతులు లెక్కగట్టే పళ్ళచక్రాల యంత్రం దొరికింది అక్కడే. ఇండోనేషియాలో బెలిటుంగ్ దగ్గర 1998లో సముద్రపు దోసకాయలు ఏరుకునేవాళ్ళు (దోసకాయ అంటే కాయ కాదు, ఒక జలచరం). మనకి దగ్గర్లో శ్రీలంక దక్షిణ తీరంలో గొడవాయ ఓడ, రెండు వేల ఏళ్ళ నాటిది, హిందూ మహాసముద్రంలో ఇప్పటిదాకా తెలిసినవాటిలో అతి పాతది. దాన్ని చూసింది శంఖాల కోసం మునిగే మనుషులు. లోపల గాజు ముద్దలు, రాగి, ఇనుము, కుండలు. మన కుండల్లాంటి ఎరుపూ నలుపూ కుండలే.

గాజుబీరువా: బెలిటుంగ్ ఎత్తారు కాబట్టి ఒక మాట. అందులో చైనా పింగాణీ దాదాపు 60 వేల వస్తువులు దొరికాయి. కానీ తీసింది వ్యాపార కంపెనీ, అమ్ముకోడానికి. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళు వాటితో ప్రదర్శన పెడదామనుకుంటే పురావస్తు నిపుణులు అభ్యంతరం చెప్పారు, 2011లో ఆపేశారు. ఆ సరుకు ఇప్పుడు సింగపూర్ మ్యూజియంలో ఉంది, చూడ్డానికి కన్నుల పండగ. చూపించాలా వద్దా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా మా వాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు. మీ ఒక్క గదికి అంత గొడవ రాదు కానీ, మీకొచ్చిన సందేహం చిన్నదేం కాదు.


జవాబు 4: వేటపాలెం సైకిలు

ఇన్ని దేశాలు తిరిగారు, మోటుపల్లి మాత్రం ఒక్కరికీ గుర్తురాలేదు! మాస్టారూ, మీ ఊరినుంచి బస్సెక్కితే పూటలో చేరతారు. (2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు. నా నోటికి ఇంకా ప్రకాశమే వస్తుంది.)

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాన్న సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఇసక దారి, సగం దూరం నడిచాం. వీరభద్రస్వామి గుడిలో ఒక రాతి స్తంభం చూపించి "ఇది చదవరా" అన్నాడు. నాకు ఒక్క అక్షరం కూడబలుక్కోడానికి రాలేదు. ఆయనకీ రాదు. తర్వాత వేటపాలెం సారస్వత నికేతనంలో అచ్చులో చదువుకుని, మళ్ళీ వెళ్ళి ఆ రాయిని తడిమాను.

అది కాకతి గణపతిదేవుడి అభయశాసనం, 1244 నాటిది. దాని భావం నా మాటల్లో చెప్తాను. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరి తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సమస్తం పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవాళ్ళు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రానికి ఎదురెళ్ళే ఈ మనుషుల మీద దయతో, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, మేము న్యాయమైన సుంకం తప్ప అంతా వాళ్ళకే వదిలేస్తున్నాం. సుంకం ముప్పైకి ఒక వంతు.

ఓడ మునిగితే సరుకు ఎవరిది అన్న ప్రశ్నకి మన తీరంలో రాతి మీద జవాబుంది మాస్టారూ. "ఏడుందో చెప్పు సామీ, పోయి తెచ్చుకుంటాం" అన్నాడే మీ వెనకబెంచీ ఆయన, ఆయన పాతకాలం రాజుల పార్టీ. మొదటి బొమ్మగా ఉలుబురున్ తీసేసి ఈ స్తంభం పెట్టండి. శాసనం చివర సుంకాల పట్టిక ఉంటుంది. చందనం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, రాగి, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకలు. మీ తుర్కియే ఓడలో రాగి ఉంటే మా పట్టికలో కూడా రాగి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళకి పోకచెక్క దగ్గర కథ మొదలుపెట్టి చూడండి, బంగారం ఊసే ఎత్తరు.

దాదాపు యాభై ఏళ్ళకి మార్కో పోలో ఈ రేవు గురించి రాసుకున్నాడు, ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందన్నాడు. మా చీరాల చేనేతవాళ్ళకి ఆ మాట చెప్తే "మరి గిట్టుబాటు ధర గురించి ఏమన్నాడు?" అంటారు. 1358లో కొండవీటి రాజు అనవోతారెడ్డి కూడా ఆ ఊళ్ళోనే వర్తకులకి హామీ ఇస్తూ శాసనం వేయించాడు.


జవాబు 5: రొయ్యలగుంట

చదువుతుంటే గుండెలో కలుక్కుమంది, అందుకే రాస్తున్నా. ఇరవై ఏళ్ళ కిందట ఉప్పుకాలవ పక్కన చెరువులు తవ్విస్తుంటే జేసీబీకి నల్లటి చెక్కలు తగిలాయి. పొడుగాటివి, వరసగా చిల్లులు. పక్కన పడేశాం. ఎండాక పీలికలై విరిగిపోయాయి. కూలీలు పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నారు. నేనూ తాగాను. అవి ఓడవో, పాత తూము చెక్కలో, ఇంక ఎవరు చెప్పగలరు?

ఉప్పుగాలి మాస్టారు: అన్నా, బాధపడకండి, నేను చదువుకుని కూడా కుండని ఎండలో పెట్టాను. కేరళలో ఆలప్పుళ దగ్గర తైకల్ అనే ఊళ్ళో ఇట్టాగే కొబ్బరితోట తవ్వుతుంటే పెద్ద పాత ఓడ బయటపడింది, సముద్రం కాస్త అవతల. మన తీరం కూడా జరుగుతూ వచ్చిందే, పెన్న ఎన్ని వందల ఏళ్ళనుంచి మట్టి తెచ్చి పోస్తోంది! పాత ఓడ మన వైపు ఉంటే సముద్రంలోనే ఉండాలని ఏముంది, రొయ్యల చెరువు కింద కూడా ఉండొచ్చు. మీ జవాబు నా గదిలో పెద్ద అక్షరాలతో అతికిస్తాను, మీ పేరు లేకుండా. టీ సంగతి ఉంచుతాను.

రొయ్యలగుంట: ఉంచండి. చిల్లులు అని రాయండి. కుట్టిన పడవలకి అట్టా ఉంటాయని మా ముసలాయన అనేవాడు, అప్పుడు వినలేదు.

వేటపాలెం సైకిలు: నిజమే. మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు ఈ తీరమంతా తిరిగాయి. అలల దెబ్బకి మేకుల పడవ పగిలితే ఇది వంగి లేచేది. అజంతా బొమ్మ చూసి కుట్టించి 2025లో మన నేవీలో చేర్చుకున్న ఓడ, కౌండిన్య, కూడా తాడు కుట్టే.


జవాబు 6: ఊరికే అడిగా

గుజరాత్‌కి ద్వారక ఉంది, తమిళనాడుకి మహాబలిపురం, పూంపుహార్ ఉన్నాయి. మన సముద్రంలో ఏముందని ఈ హడావిడి? ప్రభుత్వమే పట్టించుకోనప్పుడు స్కూల్లో ఒక గది పెడితే ఏమవుతుంది?

ఉప్పుగాలి మాస్టారు: ద్వారక దగ్గర 1983 నుంచి పురావస్తు పరిశోధకులు ఎస్. ఆర్. రావు గారి బృందం నీళ్ళలోకి దిగి వెతికింది. రాతి లంగర్లు బోలెడు చూశారు. కేంద్ర పురావస్తు శాఖలో నీటి అడుగు విభాగం 2001లో వచ్చింది, లక్షద్వీప్ దగ్గర ప్రిన్సెస్ రాయల్ అనే ఓడ మీద పనిచేసింది. అంటే ఈ పని మన దేశంలోనే కొత్తది. మన వైపు నీళ్ళు బురద, దిగితే చెయ్యి కనపడదు. పైగా వేడి సముద్రంలో చెక్క తినే పురుగు ఊరుకోదు. వాసా ఉన్న బాల్టిక్‌లో ఉప్పు తక్కువ, అక్కడ ఆ పురుగు బతకదు, అందుకే ఓడ ఓడలా దొరికింది. మన దగ్గర బురదలోనో సరుకు కిందో కప్పబడిపోయిన ముక్కలే మిగలాలి.

మన దగ్గర ఏముందంటారా? 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి, దాని కింద ముంతలో రోమన్ బంగారు నాణేలు. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్ బొమ్మలవి. ఓడెక్కి వచ్చిన డబ్బు. పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. ఓ ముప్పై చిల్లర మిగిలాయి. పట్టించుకోవడం సంగతి తర్వాత. కరిగించకూడదని ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి కదండీ.

ఊరికే అడిగా: సరే మాస్టారూ, ఫొటోలు పెట్టండి.


ఉప్పుగాలి మాస్టారు (మార్చి చివర)

ఫొటోలు పెట్టడం లేదు, పిల్లల మొహాలున్నాయి. జరిగింది చెబుతాను.

గ్లాసు పరీక్షలో ముక్క గట్టిగానే నిలిచింది. కుండ ఇప్పుడు నీలం ప్లాస్టిక్ తొట్టిలో, గుడ్డ చుట్టుకుని ఉంది. పదో తరగతి ఆడపిల్లలు నలుగురు దాన్ని దత్తత తీసుకున్నారు. మొదటి వారం పరీక్షనాళిక పాలగ్లాసులా ఉండేది. వార్షికోత్సవం నాటికి పలచటి మజ్జిగ తేటలా అయింది. నాలుగు నాళికలూ తారీఖులతో వరసగా నిలబెట్టారు. ఒక పిల్ల గ్లవ్స్ వద్దని మొండికేసి, వేళ్ళకి నల్లమచ్చలతో తిరిగి, వచ్చినవాళ్ళందరికీ అవి కూడా చూపించింది. తహసీల్దారు ఆఫీసులో కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను, పురావస్తు శాఖకి పోస్టులో పంపాను.

మోటుపల్లి స్తంభం ఫొటో గుమ్మంలోనే పెట్టాను. కింద పళ్ళేల్లో మిరియాలు, పోకచెక్కలు, కర్పూరం, ఒక రాగి చెంబు. వేటపాలెం ఆయన చెప్పింది అక్షరాలా నిజమైంది. పోకచెక్కలు మధ్యాహ్నానికి అయిపోయాయి.

ఉలుబురున్ వదిలెయ్యలేదు, పద్ధతి మార్చాను. అది 44 నుంచి 61 మీటర్ల లోతులో ఉంది. మీటర్లు చెప్తే ఎవరికీ ఎక్కదని, పాత వల తాడు ఒకటి తెచ్చి గ్రౌండు మీద పరిచి, బారకో గుడ్డ పీలిక కట్టించాను. ఇరవై నాలుగో పీలిక దగ్గర ఓడ పై భాగం, ముప్పై నాలుగో దాని దగ్గర జారిపోయిన సరుకు. పెద్దవాళ్ళు వచ్చి నా బార తప్పని తేల్చారు. సోషల్ సార్ చేతులు పొట్టివట. ఒకాయన తన చేతులతో మళ్ళీ కొలిచి పీలికలన్నీ జరిపాడు. ఆ తాడు చివర నిలబడి, ఇక్కడికి ఊపిరి బిగబట్టి దిగగలవా అని వాళ్ళలో వాళ్ళే పందాలు. మెహ్మెత్ చాకిర్ పేరు తాడు మొదట్లో బోర్డు మీద రాశాను. ఫైబర్ బోటు అన్నా, మీరొస్తారేమోనని చూశాను.

గ్రీసులో పెరిస్టెరా దగ్గర మునిగిన పాత ఓడని 2020 నుంచి డైవర్లకి తెరిచారు, దిగలేనివాళ్ళకి ఒడ్డునే తెర మీద చూపిస్తున్నారు. అట్టాంటిది మనకెప్పుడొస్తుందో కానీ, ఈత రానివాడికి ఆ సంగతి చెప్పుకుంటేనే సంతోషం.

బంగారం ప్రశ్న రాలేదా అంటే వచ్చింది. లెక్కపెట్టాను, పదకొండు సార్లు. డిసెంబర్లో అడిగిన కుర్రాడే మళ్ళీ అడిగాడు. ఈసారి తొట్టి దగ్గర పిల్లలు వాణ్ణి కూర్చోబెట్టి ఒక విడత నీళ్ళు మార్పించారు. రెండు బకెట్లు మోశాక "ఇది ఇంకా ఎన్నాళ్ళు సార్?" అన్నాడు.

పాప వాళ్ళ నాన్న వేటకి పోకుండా పొద్దుటినుంచీ తొట్టి పక్కనే నిలబడ్డాడు, తెల్లచొక్కా వేసుకుని. వచ్చినవాళ్ళకల్లా వలలో ఎట్టా పడిందో ఆయనే చెప్పాడు. పొద్దున నలుగురు లాగితే వచ్చిన వల సాయంత్రానికి ఎనిమిదిమందైంది. ఎండలో పెట్టింది ఎవరని అడిగితే నావైపు చూపించాడు, ఆ మాత్రం శిక్ష పడాల్సిందే. చీకటిపడే వేళకి బయటూరి మనిషొకాయన, కూలింగ్ గ్లాసులు తలమీద పెట్టుకుని, తొట్టిలోకి వంగి చూసి, గొంతు తగ్గించి "ఏడ దొరికిందన్నా?" అని అడిగాడు.

ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, "నీళ్ళలో" అన్నాడు.

గాజుబీరువా మేడమ్, మజ్జిగ తేట దగ్గరే రెండు వారాలుగా ఆగిపోయింది, అంతకంటే తేటపడటం లేదు. నీళ్ళు మార్చడం ఆపెయ్యమంటారా, ఇంకో రెండు క్యాన్లు బ్యాటరీ నీళ్ళు కొనమంటారా?